పెట్ట గుడ్డు మానేసిందంటే...



"వదినా, మీ పెట్టలు గుడ్లు పెడుతున్నాయా?"

"ఎక్కడ వదినా, గుడ్డు మొహం చూసి నెల దాటింది. మేత వేస్తే మాత్రం పుంజుకన్నా ముందొస్తున్నాయి."

మార్గశిరం వచ్చిందంటే పెరట్లో నాలుగు కోళ్లున్న ఏ ఇంటి గోడ దగ్గరైనా ఈ మాటలు వినిపిస్తాయి. ఎవరి కన్నో పడిందని ఒకరంటారు, కొవ్వు పట్టిందని మరొకరంటారు, ముసలిదైపోయిందని ఇంకొకరు తేల్చేస్తారు. ఆ వారంలో చుట్టాలొస్తే ఆ పెట్ట కూరైపోతుంది. అలా కత్తికి చిక్కిన పెట్టల్లో మరో నెల ఆగితే మళ్లీ గుడ్లకు వచ్చేవి ఉంటాయి. నిజంగానే జబ్బుపడి, తన జబ్బును పక్క కోళ్లకు అంటించేసి పోయినవీ ఉంటాయి. రెండు చోట్లా జరిగిన పొరపాటు ఒకటే. గుడ్డు లేదని బుట్టలోకి చూశారు గానీ, పెట్టను చేతుల్లోకి తీసుకుని చూడలేదు.

కోడి ఒంట్లో గుడ్డు అనేది మిగులు సరుకు. తిండి, నీళ్లు, వెలుగు, నిద్ర, ఆరోగ్యం అన్నీ సరిపడా అందాక, మిగిలిన సత్తువతో తయారవుతుంది. వీటిలో ఏది తగ్గినా శరీరం ముందుగా మానుకునేది ఆ పనినే. పైగా కోడి నిత్యం వేటకు గురయ్యే జీవి. గుంపులో నీరసంగా కనిపించినదాన్నే గద్ద తన్నుకుపోతుంది, తోటి కోళ్లు కూడా దాన్నే పొడుస్తాయి. అందుకని జబ్బు చేసినా చేతనైనంత కాలం మామూలుగానే తిరుగుతుంది, గింజలు ఏరుకుంటున్నట్టే ఉంటుంది. రెక్కలు వేలాడేసి మూలన కూర్చుందంటే అప్పటికే జబ్బు ముదిరిందన్నమాట. గుడ్డు మాత్రం అంతకు ఎన్నో రోజుల ముందే ఆగి ఉంటుంది. అంటే గుడ్డు ఆగడం ఒక్కోసారి ప్రకృతి ఇచ్చిన విశ్రాంతి, ఒక్కోసారి జబ్బు గురించి ఇంటికి అందిన మొదటి కబురు. ఏది ఏదో గుర్తుపట్టడం పెద్ద చదువేమీ కాదు. టార్చిలైటూ రెండు చేతులూ ఉంటే సగం సంగతి తెలిసిపోతుంది.

గుడ్ల మీదున్న నాటుపెట్టను కోసిన ఇంట్లో అందరికీ తెలిసిన దృశ్యం ఒకటుంది. కడుపులో ద్రాక్షగుత్తిలాగా పచ్చసొనలు కనిపిస్తాయి. ఆవగింజంతవి కొన్ని, రేగిపండంతవి కొన్ని, పూర్తిగా పండినవి రెండో మూడో. అది పెట్ట అండాశయం. పక్షుల్లో సాధారణంగా ఎడమవైపు అండాశయమే ఎదిగి పనిచేస్తుంది. ఒక్కో సొన చివరి దశలో వారం పది రోజుల్లో గబగబా పెరిగి, పండగానే గుత్తి నుంచి జారి గుడ్డు నాళంలో పడుతుంది. అక్కడ సుమారు 3 గంటలపాటు తెల్లసొన చుట్టుకుంటుంది. మరో గంటకు పైగా పెంకు లోపలి పలచని పొరలు ఏర్పడతాయి. ఆ తరువాత దాదాపు 20 గంటలు పెంకు కట్టడానికే పడుతుంది. మొత్తం 25, 26 గంటల పని. రోజుకు 24 గంటలే కాబట్టి గుడ్డు పెట్టే వేళ రోజూ కాస్త ఆలస్యమవుతూ, మధ్యాహ్నం దాటేసరికి ఒకరోజు విరామం వస్తుంది. వరుసగా నాలుగు రోజులు పెట్టి ఐదో రోజు ఆగిన పెట్టకు ఏ జబ్బూ లేదు, దాని లెక్క ప్రకారమే అది నడుస్తోంది.

ఇంకో అనుమానం కూడా ముందే తీర్చుకోవాలి. పెట్ట నిజంగా మానేసిందా, లేక చోటు మార్చిందా? విచ్చలవిడిగా తిరిగే కోళ్లు గడ్డివాము సందులోనో, కట్టెలమోపు వెనకో, అటక మీదో రహస్యంగా గుడ్లు పెట్టుకుంటూ పోతాయి. మూడు వారాలు కనిపించకుండా పోయి ఒక ఉదయం పిల్లలతో వాకిట్లోకి వచ్చే పెట్ట కథ ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. కాకి, ముంగిస, పందికొక్కు, పాము తీసుకుపోయిన గుడ్లూ ఈ లెక్కలోవే. గూట్లో తడి, ముక్కుకు అంటిన సొన కనిపిస్తే కోడే తన గుడ్డును తింటోందని అర్థం. రెండు మూడు రోజులు పొద్దున పది, పదకొండు గంటల దాకా నీళ్లూ మేతా పెట్టి కోళ్లను గూట్లోనే ఉంచితే నిజం బయటపడుతుంది. ఎందుకంటే ఎక్కువ గుడ్లు పడేది ఆ వేళలోనే.

ఇక వెలుగు సంగతి. పగటి వెలుగును కోడి కళ్లతోనే కాకుండా, పుర్రెను దాటి మెదడుకు చేరే కాంతితో కూడా గ్రహిస్తుంది. పగలు పెరుగుతున్న కొద్దీ మెదడు అండాశయాన్ని తట్టిలేపుతుంది, తగ్గుతున్న కొద్దీ జోకొడుతుంది. గుడ్లు బాగా పడాలంటే రోజుకు 14 గంటలకు తక్కువ కాకుండా వెలుగు కావాలి. హైదరాబాదులో డిసెంబరు చివర పగలు సుమారు 11 గంటలే. జూన్‌లో 13 గంటలు దాటుతుంది. అమెరికాలో న్యూజెర్సీ వైపు ఇంటివెనక కోళ్లు పెంచుకునే తెలుగు కుటుంబాలకైతే నడి చలికాలంలో పగలు తొమ్మిది గంటలకు కాస్త పైన మాత్రమే దొరుకుతుంది, అక్కడ కోళ్లు నెలల తరబడి ఆగిపోవడం మామూలు. గుడ్ల ఫారాల్లో తెల్లవారుజామునే బల్బులు వెలిగేది ఈ లోటు పూడ్చడానికే. నాలుగు నాటుపెట్టలున్న ఇంటికి ఆ ఏర్పాటు అక్కర్లేదు. చలికాలంలో ఆ రెండు మూడు నెలలు వాటిని వాటి మానాన వదిలేస్తేనే మంచిది. తరువాతి గుడ్లకు కావలసిన బలం కోడి ఆ విరామంలోనే కూడగట్టుకుంటుంది.

ఆ విరామంలోనే ఈకలు కూడా మారతాయి. గూడు నిండా ఈకలు చూసి చాలామంది ఏదో తెగులొచ్చిందని హడలిపోతారు. ఏడాది పాటు గుడ్లు పెట్టిన పెట్ట పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కుంటుంది. ఈకలో నూటికి 85 పాళ్లకు పైగా మాంసకృత్తులే. ఒంటి నిండా కొత్త ఈకలు నేసుకుంటూ రోజుకో గుడ్డు కూడా పెట్టడం దానివల్ల అయ్యే పని కాదు. ఈకలు రాలడానికి ఓ వరస ఉంటుంది. ముందు తల, మెడ, ఆ తరువాత రొమ్ము, వీపు, చివరికి రెక్కలు, తోక. రాలిన చోట ముళ్లలా కొత్త ఈకలు పొడుచుకొస్తుంటే అది మామూలు మార్పే. రెండు మూడు నెలల్లో పూర్తవుతుంది. ఆ ముళ్లలో నెత్తురు పారుతూ ఉంటుంది, తాకితే నొప్పి. కాబట్టి ఆ రోజుల్లో కోడిని ఊరికే పట్టుకోకూడదు. వరస లేకుండా ఒక్కచోటే బోడిగా ఉంటే మాత్రం లెక్క వేరు. వీపు మీదైతే పుంజు తొక్కుడు వల్ల ఊడి ఉండొచ్చు. తోక మొదట్లోనో, గుడ్డు ద్వారం చుట్టూనో అయితే పేలో, తోటి కోళ్ల పొడుపో కారణం.

నాటుపెట్ట విషయంలో అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే కారణం పొదుగు. పన్నెండు, పదిహేను గుడ్లు పెట్టాక దాని నెత్తుట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరుగుతుంది. అండాశయం పని ఆపేస్తుంది, పెట్ట గూట్లో అతుక్కుపోతుంది. చెయ్యి పెడితే ఒళ్లంతా ఉబ్బించి, గొంతులో గుర్రుమంటూ పొడుస్తుంది. రొమ్ము మీద ఈకలు పోయి చర్మం వేడిగా తగులుతుంది. రోజుకు ఒక్కసారి లేచి, గబగబా నాలుగు గింజలు తిని, పెద్ద రెట్ట వేసి మళ్లీ వెళ్లి కూర్చుంటుంది. పొదుగు 21 రోజులు, పిల్లల సాకుడు మరో రెండు మూడు నెలలు. ఇలా ఏడాదిలో మూడు నాలుగు విడతలు తిరిగేసరికి, ఆ పెట్ట పెట్టే గుడ్లు 50, 60 మించవు. అది దాని లోపం కాదు. పల్లెల్లో నాటుకోడి జాతి ఇన్నాళ్లూ నిలిచింది ఈ పొదుగు వల్లే. ఫారం కోళ్లలో తరాల తరబడి ఎంపిక చేసి ఈ గుణాన్ని తీసేశారు కాబట్టే అవి ఏడాదికి 300 గుడ్లు పెట్టగలుగుతున్నాయి.

పొదుగు మీదున్న పెట్టకు పుంజు కలిసిన గుడ్లు పది, పన్నెండు ఇచ్చి కూర్చోబెడితే ఇంట్లో కోళ్లు పెరుగుతాయి. పిల్లలు వద్దనుకుంటే దాన్ని గూటి నుంచి తీసి, అడుగున కూడా గాలి ఆడే జాలీ బోనులో, వెలుతురు తగిలేచోట, నీళ్లూ మేతా పెట్టి నాలుగైదు రోజులు ఉంచాలి. రొమ్ముకు చల్లదనం తగిలేకొద్దీ ఆ ధ్యాస తగ్గుతుంది. మరో రెండు వారాలకు చాలా పెట్టలు మళ్లీ గుడ్లకు వస్తాయి. కొన్ని ఊళ్లలో దాన్ని నీళ్లలో ముంచుతారు, ముక్కు రంధ్రాల్లోంచి ఈక గుచ్చుతారు. అది హింస తప్ప వైద్యం కాదు. ముక్కులో పుండు పడి ఊపిరాడక బాధపడే పెట్ట గుడ్డు ఎలా పెడుతుంది? ఈ అలవాటు ఉన్న ఇళ్లు దాన్ని ఈ రోజే మానుకోవాలి.

అలాగని గుడ్డు ఆగిన ప్రతిసారీ పొదుగు మీద నెట్టేయకూడదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని భారత వ్యవసాయ పరిశోధన మండలి కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికని తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ కోళ్లు ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలా ఇళ్లల్లో ఉన్నాయి. ఇవి పొదుగుకు రావడం అరుదు. పెరట్లో వనరాజ ఏడాదికి వంద గుడ్ల దాకా పెడుతుంది, గ్రామప్రియ అంతకన్నా బాగా ఎక్కువ. ఇవి ఆగితే కారణాన్ని మేతలోనో, ఒంట్లోనో వెతకాలి. వనరాజకు ఓ ప్రత్యేకమైన చిక్కుంది. అది మాంసం కోసమూ, గుడ్ల కోసమూ పనికొచ్చే బరువైన కోడి. ముద్దుచేసి బ్రాయిలర్ దాణా పెడితే పొట్టలో కొవ్వు పేరుకుని గుడ్లు తగ్గిపోతాయి. కొవ్వు పట్టిందన్న పొరుగావిడ మాట ఇక్కడ అక్షరాలా నిజం.

నాటుపెట్టకు మాత్రం అసలు లోటు ఆకలే. పెరటి కోడి మేత అంటే చాలా ఇళ్లల్లో పొద్దున గుప్పెడు నూకలు, సాయంత్రం మిగిలిన అన్నం. బియ్యపు నూకల్లో మాంసకృత్తులు నూటికి ఏడెనిమిది పాళ్లు మాత్రమే. గుడ్లు పెట్టే కోడికి 16 పాళ్ల దాకా కావాలి. ఆ తేడాను కోడి పురుగులూ, చెదలూ, లేతాకులూ ఏరుకుని పూడ్చుకునేది. ఇప్పుడు పల్లెల్లో కూడా వాకిళ్లకు సిమెంటు పడింది, పెంటకుప్పలు పోయాయి, చేలకు పురుగుమందులొచ్చాయి. ఏరుకోవడానికి ఏమీ లేని పెరట్లో నూకల మీద బతికే పెట్టను గుడ్డు అడగడం న్యాయం కాదు. పూర్వం పాత కుండలో పేడా, గడ్డీ, తడిపిన గోనెముక్కా పెట్టి చెదలున్న చోట రాత్రికి బోర్లించేవారు. తెల్లవారేసరికి కుండ నిండా చెదలు, కోడిపిల్లలకు అదే పండగ. ఆ పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది. తవుడులో కలిపిన వేరుశనగ చెక్క, మునగాకు, అజొల్లా, ఉప్పు తగలని ఎండుచేపల పొడి ఇవన్నీ ఆ లోటు పూడ్చేవే.

వేరుశనగ చెక్క దగ్గర ఒక్క హెచ్చరిక చెప్పాలి. తడిసి బూజుపట్టిన చెక్క, మొక్కజొన్న మనకు పనికిరావు కదా అని కోళ్లకు వేస్తారు. ఆ బూజులో ఆఫ్లటాక్సిన్ అనే విషం ఉంటుంది. దాని సంగతి లోకానికి తెలిసిందే కోళ్లలాంటి పక్షుల వల్ల. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుబట్టకుండా చనిపోయాయి. ఆరా తీస్తే బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండి దగ్గర తేలింది. ఆ విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, పచ్చసొన తయారయ్యే ముడిసరుకు కాలేయంలోనే పుడుతుంది. కాబట్టి ఆ విషం కొద్దికొద్దిగా ఒంట్లోకి చేరినా ముందు గుడ్లే తగ్గుతాయి.

పెంకు సంగతీ అంతే. ఒక్కో పెంకుకు రెండు గ్రాములకు పైగా కాల్షియం ఖర్చవుతుంది. మేతలో దొరక్కపోతే పెట్ట తన ఎముకల్లోంచి తీసి ఇస్తుంది. కొన్నాళ్లకు తోలుగుడ్లు పడతాయి, ఆ తరువాత అవీ ఆగుతాయి, కాళ్లు పట్టు తప్పుతాయి. ఆల్చిప్పల పొడి గానీ, ఉడికించి ఎండబెట్టి మెత్తగా నలిపిన గుడ్డు పెంకులు గానీ విడిగా ఓ చిప్పలో పెడితే కావలసినంత అదే తింటుంది. పెంకు కట్టేది ఎక్కువగా రాత్రివేళ కాబట్టి సాయంత్రం పెడితే ఇంకా మేలు.

ఎండాకాలం వేరే పరీక్ష. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీలు. దానికి చెమట గ్రంథులు లేవు. నోరు తెరిచి రొప్పడమే అది చల్లబడే ముఖ్యమైన మార్గం. రొప్పేకొద్దీ ఒంట్లోంచి బొగ్గుపులుసు వాయువు అతిగా పోయి నెత్తురు గుణం మారుతుంది, పెంకుకు కావలసిన సరంజామా తగ్గుతుంది. రోహిణి కార్తెలో పలచటి పెంకులు పడేది అందుకే. వేడికి మేత కూడా తినదు. గుడ్డు లోపల మూడొంతులు నీరే, ఒక్కరోజు నీళ్లు అందకపోయినా గుడ్లు కొన్నాళ్లు ఆగిపోవచ్చు. నీడలో రెండు మూడు చోట్ల మట్టిమూకుళ్లు పెట్టి, పూటపూటకూ నీళ్లు మార్చాలి. మేత తెల్లవారుజామునా, పొద్దువాలాకా పెట్టాలి.

వెలుగు, ఈకలు, పొదుగు, మేత, ఎండ ఇవేవీ కారణం కాదనిపించినప్పుడు, ఆ మాటకొస్తే కారణం తెలిసిందనుకున్నప్పుడు కూడా, పెట్టను ఒకసారి చేతుల్లోకి తీసుకోవాలి. దానికి మంచి వేళ రాత్రి ఏడు దాటాక. గూట్లో సర్దుకున్న కోడి చీకట్లో కలవరపడదు. సంతలో మోసినట్టు కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయకూడదు. మనుషులకు ఊపిరి ఆడించే డయాఫ్రం లాంటి కండర పొర కోడికి లేదు, రొమ్ము ఎముక పైకీ కిందికీ కదిలితేనే దానికి ఊపిరాడుతుంది. అందుకని రొమ్మును గట్టిగా నొక్కినా ఉక్కిరిబిక్కిరవుతుంది. అరచేతిని రొమ్ము కిందకు పోనిచ్చి, కాళ్లను వేళ్ల మధ్య ఉంచుకుని, రెండో చేత్తో రెక్కలు అదిమి ఒడిలో పెట్టుకుంటే ఒక నిమిషంలో కుదురుకుంటుంది.

ముందు రొమ్ము ఎముక తడమాలి. ఎముకకు రెండు పక్కలా కండ నిండుగా ఉంటే సరే. కత్తి అంచులా తగిలితే ఆ కోడి చాలా రోజులుగా కరిగిపోతోంది. ఈకలు ఒంటిని కప్పేస్తాయి కాబట్టి దూరం నుంచి ఈ చిక్కిపోవడం కంటికి కనబడదు. వంటింటి తూకం మీద నెలకోసారి బరువు చూసి కాలెండరు మీద రాసిపెట్టుకుంటే ఇంకా నయం. ఆ తరువాత మెడ మొదట్లో కుడివైపున ఉండే మేత తిత్తి. రాత్రికి అది గింజలతో నిండి ఉండాలి, తెల్లవారేసరికి ఖాళీ అవ్వాలి. రాత్రి ఖాళీగా ఉంటే కోడి తినలేదన్నమాట. పొద్దున కూడా గట్టిగా బంతిలా ఉంటే గడ్డో, దారమో, ప్లాస్టిక్కో అడ్డుపడింది. మెత్తగా నీళ్లతిత్తిలా ఉండి నోటినుంచి పులిసిన వాసన వస్తే లోపల మేత చెడింది.

తురాయి ఎర్రగా, నిగనిగలాడుతూ, వెచ్చగా ఉంటే గుడ్ల మీదుందని గుర్తు. ముడుచుకుని, పొలుసు పట్టినట్టు పాలిపోతే విశ్రాంతిలో ఉంది. తెల్లగా పాలిపోతే నెత్తురు తక్కువ, నీలంగా మారితే ఊపిరికో, గుండెకో కష్టం. కళ్లు గుండ్రంగా తేటగా ఉండాలి, నురగ గానీ నీరు గానీ ఉండకూడదు. చెవి దగ్గర పెట్టి వింటే ఊపిరిలో గురక వినబడకూడదు.

ఇక తోక కింద గుడ్డు ద్వారం. గుడ్లు పెడుతున్న పెట్టకు అది వెడల్పుగా, తడిగా, పాలిపోయి ఉంటుంది. మానేసినదానికి చిన్నగా, పొడిగా ముడుచుకుంటుంది. దానికి రెండు పక్కలా కటి ఎముకల కొనలు తగులుతాయి. ఆ రెండిటి మధ్య రెండు మూడు వేళ్లు పడితే గుడ్ల మీదుంది. ఒక్క వేలు కూడా కష్టంగా పడితే ఆగిపోయింది. మనుషులకు నాడి చూసినట్టు ఇది పెట్టకు వేలు చూడటం. ఏ గుడ్డూ కనిపించకపోయినా మూడు వేళ్లు పడుతున్నాయంటే గుడ్లు ఎక్కడో గడ్డివాములో ఉన్నాయి. ద్వారం కింద పొట్ట మెత్తగా, వెచ్చగా ఉండాలి. గట్టిపడినా, నీళ్లు నిండినట్టు ఊగుతున్నా లోపల వాపుంది. పెట్ట తోక కిందికి వాల్చి, నిట్టనిలువుగా నిలబడి ముక్కుతూ ఉంటే గుడ్డు అడ్డం పడి ఉండొచ్చు. అప్పుడు పొట్ట నొక్కి గుడ్డు తీయబోతే అది లోపలే పగిలి ప్రాణం పోతుంది. గోరువెచ్చని నీళ్లలో పావుగంట, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, చీకటిగా వెచ్చగా ఉన్నచోట ఉంచి, ఆ రోజే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి.

రెక్కల కిందా, గుడ్డు ద్వారం చుట్టూ ఈకల మొదళ్లలోనూ టార్చి వేసి చూస్తే పేలు పరుగెత్తడం, ఈకల అడుగున గుడ్ల గుత్తులు కనిపిస్తాయి. వీటికన్నా గుట్టుగా ఉండేవి కోడి గోమార్లు, ఎర్రనల్లులు. ఇవి పగలు కోడి ఒంటిమీద ఉండవు. గూటి చెక్కల నెర్రెల్లో, మట్టిగోడ పగుళ్లలో దాక్కుని రాత్రి వచ్చి నెత్తురు తాగిపోతాయి. తురాయిలు పాలిపోయి, కోళ్లు గూట్లోకి వెళ్లడానికే మొరాయిస్తుంటే పగుళ్లలో ఓ పుల్ల పెట్టి గీకి చూడాలి. నెత్తురు అంటితే దొంగ దొరికినట్టే. కోడికి ఎంత మందు పూసినా గూటికి చేయకపోతే ఉపయోగం ఉండదు. పగుళ్లు మూసి, సున్నం కొట్టి, గూడు ఎండబెట్టాలి. కోళ్లు పొర్లడానికి పొడి మట్టీ బూడిదా కలిపిన గుంట ఒకటి ఉంచాలి. కాళ్ల పొలుసులు లేచి సున్నం పట్టినట్టుంటే అదీ ఓ పురుగు పనే, కొబ్బరినూనో వేపనూనో రోజు మార్చి రోజు పూస్తే తగ్గుతుంది.

తెల్లవారాక రెట్ట చూడాలి. ఆకుపచ్చా గోధుమరంగూ కలిసిన ముద్ద, పైన తెల్లటి టోపీ ఉంటే మామూలు. మధ్యమధ్య చాక్లెట్ రంగు జిగురు రెట్ట పడినా మామూలే. నెత్తురు కనిపిస్తే, ముఖ్యంగా పిల్లల్లో, కాక్సిడియోసిస్ అనే జబ్బు అనుకోవాలి. నూలుపోగుల్లా తెల్లటి పాములు పడితే నట్టల మందు పోయాలి. రెండు మూడు నెలలకోసారి నట్టల మందు పెరటి కోళ్లకు అవసరం. ఏ మందు ఎంతో, వేశాక ఎన్నిరోజులు ఆ గుడ్లు తినకూడదో పశువైద్యుణ్ణే అడగాలి.

గడ్డిపచ్చ రంగులో నీళ్ల రెట్ట పడుతూ, కోడి నోరు తెరిచి ఎగపీలుస్తూ, మెడ మెలితిప్పుతుంటే అది కొక్కెర తెగులు. దీన్నే రాణిఖేత్ అంటారు. 1920ల చివర మన దేశంలో దీన్ని గుర్తించిన కొండ ఊరి పేరే తెగులుకు నిలిచిపోయింది. ఇంగ్లండులో 1926లో న్యూకాజిల్‌లో గుర్తించారు కాబట్టి లోకంలో దానికి ఆ పేరుంది. టీకా లేని పెరట్లో ఇది వస్తే వారం తిరక్కుండా గూడు ఖాళీ అవుతుంది. టీకా వేసిన కోళ్లలో మాత్రం కొన్నిసార్లు పైకి ఏ లక్షణమూ లేకుండా గుడ్లు పడిపోవడమొక్కటే కనిపిస్తుంది, పడ్డ గుడ్లు వంకరటింకరగా, పెంకులేకుండా ఉంటాయి. ఈ తెగులుకు మందు లేదు, టీకానే గతి. పిల్లలకు ఐదు నుంచి ఏడు రోజుల మధ్య కంట్లోనో ముక్కులోనో లసోటా చుక్క. అమెరికాలో లసోటా అనే రైతు ఫారంలో 1946లో దొరికిన బలహీనమైన వైరస్సు అది. ఎనిమిది వారాలకు ఆర్-2-బి ఇంజెక్షన్. గుడ్లకు రాకముందే ఇవి పూర్తికావాలి. టీకామందును మంచులో తెచ్చి, కలిపిన వెంటనే గంటా రెండు గంటల్లో వేసేయాలి. నాలుగు కోళ్ల కోసం వంద డోసుల సీసా ఎవరు కొంటారని చాలా ఇళ్లు మానేస్తాయి. వీధిలో పది ఇళ్లవాళ్లు ఒకే రోజు కలిసి వేయించుకుంటే ఇంటికి పడే ఖర్చు చాలా తక్కువ.

తురాయి మీదా కళ్ల చుట్టూ కురుపులు లేస్తే కోళ్ల మశూచి, దోమలు దాన్ని మోస్తాయి, దానికీ టీకా ఉంది. పెట్టలు చలాకీగా తింటూ తిరుగుతూనే, రంగుపోయిన గుడ్లు, పెంకులేని గుడ్లు పెడుతుంటే, 1976లో నెదర్లాండ్స్‌లో గుర్తించిన ఓ వైరస్సు జబ్బును కూడా అనుమానించాలి. ఆ వైరస్సుకు పుట్టిల్లు బాతులు. కాలవగట్ల మీద బాతుల మందలు దిగే డెల్టా ఊళ్లలో బాతులూ కోళ్లూ ఒకే నీళ్లు తాగకుండా చూసుకోవడం అవసరం.

కోళ్లు ఒకటీ అరా కాకుండా గుంపుగా, హఠాత్తుగా చనిపోతే మాత్రం ఇంట్లో పరీక్షలేవీ పనికిరావు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా చాటగుట్ల, గుమ్మళ్లదిబ్బల్లోనూ, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల వేల్పూరు, కానూరుల్లోనూ బర్డ్‌ఫ్లూ బయటపడింది. చచ్చిన కోడిని చేత్తో తాకకూడదు, కోయకూడదు, కాలవలో పారేయకూడదు. పిల్లల్ని అటు వెళ్లనివ్వకూడదు. పశువైద్యశాలకు కబురు పెట్టాలి. సంచార పశువైద్య వాహనం కోసం 1962 నంబరుకు ఫోను చేయొచ్చు.

కోడి మీద ఇంత శ్రద్ధ మన ఊళ్లకు కొత్తేమీ కాదు. భీమవరం చుట్టుపక్కల చిన్నపిల్లలు కూడా పందెం పుంజును చూసి డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల అని రంగును బట్టి పేరు చెప్పేస్తారు. కోడిపుంజుల మీద కుక్కుట శాస్త్రమే ఉంది. వాటికి బాదంపప్పు, ఖైమా, ఈత, మాలీషు, పిలిస్తే వచ్చే వైద్యుడు. అదే పెరట్లో తిరిగే పెట్టకు ఏమీ ఉండదు. ఆ పెట్ట గుడ్లు అమ్మిన డబ్బుతోనే ఇల్లాలు పిల్లలకు పలకలు, నోటుపుస్తకాలు కొనిపెట్టిన ఇళ్లు ఎన్నో. అది ఇంట్లో ఎవర్నీ అడగకుండా ఖర్చుపెట్టుకునే డబ్బు. పుంజుకు దొరికే శ్రద్ధలో పదోవంతు పెట్టకు దొరికినా ఆ ఆదాయం నిలుస్తుంది.

వయసు మాట కూడా ఒకటి మిగిలింది. మొదటి ఏడాది పెట్టినన్ని గుడ్లు రెండో ఏడాది పెట్టదు, మూడో ఏట ఇంకా తగ్గుతాయి. కానీ నాటుపెట్ట నాలుగైదేళ్ల వయసులో కూడా విడతకు పది గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లల్ని గద్ద నుంచి కాపాడుకోగలదు. తొలిచూలు పెట్టలకన్నా ముదురు పెట్టలే పిల్లల్ని బాగా సాకుతాయని కోళ్లు పెంచే ఆడవాళ్లకు అనుభవం.

చలి తగ్గి మాఘమాసం ఎండ కాస్త చురుక్కుమనే వేళకు, విశ్రాంతి తీసుకున్న పెట్టలో మార్పు మొదలవుతుంది. కొత్త ఈకలు మెరుస్తుంటాయి. పాలిపోయిన తురాయి మొదళ్ల నుంచి ఎరుపెక్కుతుంది. చెయ్యి దగ్గరకు పోతే పారిపోకుండా రెక్కలు కాస్త విప్పి కిందికి ఒదుగుతుంది. గంపల్లోకీ, మంచాల కిందకీ, బియ్యం బస్తాల వెనక్కీ తొంగిచూస్తూ, గొంతులో సన్నగా సణుగుతూ చోటు వెతుక్కుంటుంది. ఆ రాత్రి టార్చి తీసుకెళ్లి చూస్తే, నెల కిందట ఒక్క వేలు కూడా పట్టని చోట రెండు వేళ్లు పడతాయి. ఓ గంపలో మెత్తగా గడ్డి పరిచి, నాలుగు వేపాకులు వేసి చీకటి మూలలో పెడితే వారం పది రోజుల్లో అందులో గుడ్డు కనబడుతుంది. ఈకలు మార్చుకున్నాక పెట్టే ఆ గుడ్డు పాతవాటికన్నా కాస్త పెద్దది, పెంకు కూడా గట్టిగా ఉంటుంది.